మంచు కనుమలోని కుక్కలు

స్విట్జర్లాండు నుండి ఇటలీకి పోయే ఆల్ప్స్ కొండదారిలో, 2,469 మీటర్ల ఎత్తున గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ ఉన్నది. దాదాపు వెయ్యి సంవత్సరాలుగా అక్కడి క్రైస్తవ మఠవాసులు బాటసారుల కొరకు ఒక సత్రము నడుపుచున్నారు. చలికాలమంతా ఆ దారి మంచులో మునిగిపోతుంది.

17వ శతాబ్దం నుండి వారు పెద్ద కుక్కలను పెంచారు. వాటి పైవెంట్రుకల క్రింద దట్టమైన మెత్తని నూగు ఉండి, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. 1800లో పుట్టిన బ్యారీ అనే కుక్క నలభై మందికి పైగా కాపాడిందని చెబుతారు.

బొచ్చు పొడవైతే చలికి ఇంకా ఓర్చుకొంటాయనే ఆశతో, 1830 ప్రాంతంలో వాటిని న్యూఫౌండ్లాండ్ జాతితో సంకరం చేశారు. కాని పొడవైన బొచ్చుకు మంచు పట్టి గడ్డకట్టి, కుక్కలకు భారమైపోయింది. మఠవాసులు మరల పొట్టి బొచ్చు కుక్కలనే ఉంచుకొన్నారు.

నేడు ఆ కుక్కలు చలికాలం దిగువనున్న మార్తిన్యీ పట్టణంలో గడిపి, వేసవిలో కనుమకు వెళ్తాయి. ఎంత బొచ్చు ఉన్నా, తడిసిన కుక్కను చలి వదలదు. మన వాకిట కాపలా కాసే మూగజీవికి కూడా ఈ చలికాలంలో పొడిచోటు, ఒక గోనెసంచి ఇద్దాము.