సవ్యాఖ్యాన యాత్ర



మా పండిత శిక్షణ కాలంలో గురువులు మొదట నేర్పినది కావ్యాన్ని వ్యాఖ్యానంతో కలిపి చదవడం. వ్యాఖ్యాత చేయిపట్టుకొని నడిపిస్తాడు. అన్వయం చెబుతాడు, సమాసం విడదీస్తాడు, ఆగవలసినచోట ఆపుతాడు. మెదకుసీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి ఇందుకు పరమ ప్రమాణం. మూలాన్ని మించి మాట్లాడకపోవడమే ఆయన గొప్పతనం. చెడ్డ వ్యాఖ్యాత మూలశ్లోకం కనబడకుండా తన పాండిత్యాన్ని దానిమీద దుప్పటివలె కప్పుతాడు. మార్గదర్శిని వెంటబెట్టుకొని చేసే విలాసయాత్రకు కూడ ఈ రెండు లక్షణాలూ వర్తిస్తాయని 2024 అక్టోబరులో మొరాకో దేశం చూచినప్పుడు నాకు తోచింది. ఆ సంగతే ఈ టపా.

లండనులో ఉన్న మా అమ్మాయి, అల్లుడు ఏర్పాటు చేసిన తొమ్మిది దినాల ప్రయాణమది. నగరాన్నీ ఎడారినీ పర్వతాన్నీ ఒక్క దారాన గుచ్చిన పథకం. మొదట మర్రాకెష్ నగరం, తరువాత సహారా అంచున ఉన్న మెర్జూగా, చివర అట్లాసు కొండలలోని ఇమ్లీల్. మనుమరాలితో కలిసి మేము అయిదుగురం; మాకొక కారు, దానికొక సారథి, ఒక మార్గదర్శి. బసలన్నిటా రాజోపచారాలు. ఎంత అయినదని అల్లుణ్ణి అడిగితే, "మీకెందుకండీ మామయ్యగారూ, హాయిగా చూడండి" అని మాట దాటవేశాడు.

సుఖంగా ప్రయాణం చేయడం తప్పని నేననను. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశీయాత్ర చేసినది పల్లకితో, బోయీలతో, పెద్ద పరివారంతోనే. అయినా దారిలోని ఊళ్ళనూ మనుషులనూ వదలకుండా చూచి వ్రాసుకొన్నారు. పల్లకి ఉన్నా దాని తెర తొలగించుకొని చూచినారు కనుకనే ఆ గ్రంథం నేటికీ నిలిచింది.

మర్రాకెష్ పదకొండవ శతాబ్దిలో అల్మొరావిదు వంశంవారు నిర్మించిన నగరం. కోటగోడలూ ఇండ్లూ అన్నీ ఎర్రమట్టి రంగు. మా బస 'రియాద్' అనే పాతకాలపు ఇల్లు. ఆ మాటకు తోట అని అర్థం. వీథివైపు గోడ తప్ప ఏమీ కనబడదు. లోపల నడుమ చెట్లు, నీటితొట్టె, చుట్టూ గదులు. మన మండువా లోగిలే! తులసికోట ఒక్కటే తక్కువయిందని మా శ్రీమతి తీర్పు చెప్పింది. సమీపంలోనే 77 మీటర్ల ఎత్తుగల కుతుబియా మసీదు మీనారు ఉన్నది. పన్నెండవ శతాబ్దిది. లోనికి ఇతర మతస్థులకు ప్రవేశం లేదు, బయటనుండే చూచాము. ఒకప్పుడు దానిచుట్టూ ఉండిన పుస్తకాల అంగళ్ళవల్ల ఆ పేరు వచ్చిందని మార్గదర్శి చెప్పగానే ఆ మీనారు నాకు దగ్గరి చుట్టమైపోయింది. కితాబు మనమెరిగిన మాటే కదా.

సాయంకాలం జెమా ఎల్-ఫ్నా మైదానానికి వెళ్ళాము. 2001లో యునెస్కో మానవజాతి మౌఖిక వారసత్వానికి తొలి జాబితా ప్రకటించినప్పుడు, మన దేశపు కూడియాట్టంతోపాటు ఈ మైదానానికి కూడ అందులో స్థానం లభించింది. అక్కడి మాటకూ పాటకూ దక్కిన గౌరవమది. కథకుని చుట్టూ జనం వలయంగా నిలుస్తారు. ఆ వలయాన్ని 'హల్ఖా' అంటారు. మావంటి యాత్రికులు పుదీనా తేనీరు సేవిస్తూ పైనుండి చూడడానికి చుట్టుపట్ల మేడలమీద బల్లలు వేసి ఉన్నాయి. మా మార్గదర్శి మమ్ములను మేడ ఎక్కించలేదు, వలయంలోనే నిలబెట్టాడు. కథ అక్కడి వాడుక అరబ్బీలో సాగుతున్నది. నడుమ ఒక్క మాటయినా అతడు అనువదించలేదు. కథ ముడిపడినచోట కథకుడు ఆగి, టోపీ పట్టుకొని చుట్టూ తిరిగినాడు. హరికథలో హారతిపళ్ళెం వచ్చే ఘట్టం తెలిసినవారికి ఇందులో తెలియనిదేమున్నది? అంతా అయిన తరువాత నాలుగు వాక్యాలలో కథాసారం చెప్పి, ఇటువంటి వృద్ధ కథకులు ఇక కొద్దిమందే మిగిలారని ముగించాడు. మంచి వ్యాఖ్యాత దొరికాడని ఆ రాత్రే మా శ్రీమతితో అన్నాను.

మర్రాకెష్ నుండి మెర్జూగా సుమారు 560 కిలోమీటర్లు. నడుమ 2,260 మీటర్ల ఎత్తున తిజి-న్-తిష్కా కనుమ దాటాలి. లోకం బెర్బెరులని పిలిచే అక్కడి జనం తమను తాము అమాజీగులని చెప్పుకొంటారు. వారి భాషలో 'తిజి' అంటే కనుమ. 'ఆయిత్' అంటే ఫలానావారి సంతతి. ఈ రెండు మాటలు తెలిసిన తరువాత దారిపొడుగునా ఊరిపేర్ల పలకలు నాతో మాట్లాడసాగాయి. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆయిత్ బెన్‌హద్దూ, మట్టిని దిమ్మిసకొట్టి గోడలు పెట్టిన దుర్గగ్రామం. వాన కురిస్తే గోడ కొంచెం కరుగుతుంది, మళ్ళీ మెత్తుకోవాలి. "ఇక్కడ ఇల్లు కట్టడం ఎన్నటికీ పూర్తికాదు" అన్నాడు మార్గదర్శి. ఆ మాట బరువు నాకు కొండల్లో తెలిసింది.

మెర్జూగా దగ్గర ఎర్గ్ షెబ్బీ ఇసుకదిబ్బలు 150 మీటర్ల దాకా లేస్తాయి. వాటి పాదంలో మా గుడారం. గుడారమనే మాట దానికి చాలదు. తివాచీలు, పట్టెమంచాలు, వేడినీటి స్నానపుగది అన్నీ ఉన్నాయి. ఇక్కడ మాత్రం వ్యాఖ్యానం మూలాన్ని కప్పివేసింది. ఎడారి అంటే నీరు లేకపోవడం; ఆ ఒక్క అర్థమూ మాకు తగలకుండా ఉండడానికే ఆ ఖర్చంతా. అంతకుముందు త్రోవలో మార్గదర్శి ఖత్తారాలు చూపించకపోతే నేను ఎడారిని చూడకుండానే తిరిగివచ్చేవాణ్ణి. భూగర్భజలాన్ని పంపు లేకుండా, కేవలం వాలుమీద, కిలోమీటర్లకొద్దీ దూరంనుండి పొలాలకు తెచ్చే సొరంగాలవి. పైన వరుసగా పుట్టలవంటి మట్టిదిబ్బలు. ఒక్కొక్కటి లోపలికి దిగే బావి నోరు. మన పొరుగున బీదరులో ఉన్న కరేజు కూడ ఈ విద్యయే. ఎవరి పొలానికి ఎంతసేపు నీరన్నది కాలం లెక్కన పంచుకొంటారు, మన కాలువల క్రింద వారబందీవలె. లోతైన బావులు, మోటారు పంపులు వచ్చి నీటిమట్టం దిగిపోవడంతో చాలా ఖత్తారాలు ఎండిపోయాయని చెప్పాడు. అనంతపురం జిల్లాలో ఏళ్ళ తరబడి బడిపంతులుగా పనిచేసిన నాకు ఆ వాక్యానికి టీక అక్కరలేకపోయింది. ఆ రాత్రి గుడారంలో కుళాయి సగమే త్రిప్పి స్నానం ముగించాను.

చివరి మజిలీ ఇమ్లీల్. సుమారు 1,740 మీటర్ల ఎత్తున, అక్రోటు చెట్ల నడుమ ఉన్న ఊరు. పైన ఉత్తరాఫ్రికాలోకెల్ల ఉన్నతమైన తుబ్కాల్ శిఖరం, 4,167 మీటర్లు. 2023 సెప్టెంబరు 8 రాత్రి ఈ అట్లాసు కొండలలోనే 6.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు మూడువేలమందిని బలిగొన్నది. మేము వెళ్ళేనాటికి ఏడాది గడచినా దారిలో గుడారాలు, సగం లేచిన గోడలు కనబడుతూనే ఉన్నాయి. ఎడారివారి విలాసపు గుడారానికీ ఈ గుడారాలకూ పేరొక్కటే పోలిక. ఎనిమిది దినాలపాటు ప్రతి మలుపుకూ ఏదో ఒకటి చెప్పిన మా మార్గదర్శి అక్కడ నోరు విప్పలేదు. మా అల్లుడు ఏదో అడుగబోగా నేను చేయిపట్టి ఆపాను. కొంతదూరం పోయిన తరువాత అతడే, "మా ఊరు ఇక్కడే ఉస్తాద్. ఆ రాత్రి మా పినతల్లి పోయింది" అన్నాడు. నేను ఉపాధ్యాయుణ్ణని తెలిసినప్పటినుండి నన్ను ఉస్తాద్ అనే పిలిచేవాడు.

మరునాడు పథకంలో లేని పని ఒకటి చేశాడు. మమ్ములను తన ఇంటికి తీసుకొనిపోయాడు. తిరిగి కట్టుకొన్న గది ఒక్కటే. రొట్టె, తేనె, అక్రోటు పప్పు, ఎత్తునుండి ధారగా పోసిన పుదీనా తేనీరు. తొమ్మిదేళ్ళ కూతురు బడి పుస్తకం తెచ్చి మా మనుమరాలికి తమ అక్షరాలు చూపింది. వాటిని తిఫినాగ్ అంటారు. ఒక అక్షరం, చేతులు పైకెత్తి కాళ్ళు ఎడంగా పెట్టి నిలిచిన మనిషివలె ఉన్నది. ఆ లిపికి మాతృకయైన వ్రాత రెండువేల యేండ్లకు పూర్వపు రాళ్ళమీద కనబడుతుంది. సహారాలోని తువారెగు జాతివారు దానిని వాడుకలో నిలుపుకొన్నారు. మొరాకో ప్రభుత్వం ఆ లిపిని 2003లో బడులకు స్వీకరించింది. 2011 రాజ్యాంగంలో అమాజీగు భాషకు అధికార హోదా ఇచ్చింది. యూనికోడులో మన తెలుగు 1991 నాటి తొలి ప్రమాణంలోనే ఉండగా, తిఫినాగ్ 2005లో చేరింది. ఖతులతో కుస్తీపట్టి, తెరమీద తొలి తెలుగు వాక్యం చూచుకొని మురిసిన బ్లాగ్మిత్రులకు ఆ తేదీల విలువ నేను చెప్పనక్కరలేదు.

మా మార్గదర్శికి మాతృభాషతో కలిపి అయిదు భాషలు వచ్చును. నాలుగింటిని చదవగలడు. అతని బడిరోజులలో అయిదవదానికి చోటు లేదు. ఇప్పుడు కూతురి ప్రక్కన కూర్చొని, వ్రేలు పెట్టి కూడబలుక్కొంటూ చదువుతున్నాడు. తండ్రి తడబడినప్పుడల్లా ఆ పిల్ల నవ్వి దిద్దుతున్నది. నలభై యేండ్లవాడు శిష్యుడై కూర్చున్న ఆ దృశ్యంముందు నేను చూచిన శిఖరాలూ ఇసుకతిన్నెలూ చిన్నవైపోయాయి.

అప్పుడు మా మనుమరాలు, "తాతయ్యా, నా పేరు మన అక్షరాల్లో వ్రాసి చూపించవూ?" అన్నది. ఎనిమిదేళ్ళది, తెలుగు చక్కగా మాట్లాడుతుంది. ఆ పుస్తకం చివరి కాగితంమీద గుండ్రంగా వ్రాసి ఇచ్చాను. ఇద్దరు పిల్లలూ దానివైపు చూచి సమానంగా తెల్లమొగం వేశారు.

అటువంటి యాత్ర చేయబోయే మిత్రులకు నాదొక్క మనవి. మెత్తటి పరుపులు ఎక్కడైనా దొరుకుతాయి. మార్గదర్శి ఏ ఊరివాడో, ఇంట ఏ భాష మాట్లాడతాడో ముందు కనుక్కోండి. అతడు మౌనంగా ఉన్నప్పుడు మీరూ మౌనంగా ఉండండి. రుసుములో చాలభాగం తెరకు పోతుంది. తెర తొలగించేవాడు అతడొక్కడే.

లండను చేరిన మరునాడే మనుమరాలికి ఓనమాలు దిద్దించాను. నేను స్వదేశం వచ్చిన తరువాత కూడ వారానికి రెండు మార్లు కంప్యూటరు తెరమీద పాఠం సాగుతున్నది. వత్తులు కొంచెం ఇబ్బంది పెడుతున్నాయి గాని, తన పేరు తానే చదువుకొంటున్నది.

సెలవు.