ఆ హీరో కారు... వేల్స్ కొండదారి!

‘ది ప్రిజనర్’ పేరు విన్నారా? 1967లో బ్రిటిష్ టీవీలో మొదలైన 17 భాగాల సీరియల్. హీరో పాట్రిక్ మెగూహన్. టైటిల్స్‌లోనే మూతి పొడుగు లోటస్ సెవెన్ కారులో రయ్యిమని లండన్ వీధుల్లో దూసుకొస్తాడు. రాజీనామా పడేస్తాడు. కళ్లు తెరిచేసరికి ఓ వింత ఊళ్లో బందీ!

ఆ ఊరు సెట్టింగు కాదండోయ్. ఉత్తర వేల్స్‌లోని పోర్ట్‌మెరియన్. క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ అనే ఆర్కిటెక్టు 1925లో మొదలెట్టి యాభై ఏళ్లు కట్టిన రంగుల ఊరు. అది చూశాక మనసు కారు మీదికి పోయింది. ఆ మోడల్ హక్కుల్ని 1973లో కేటర్‌హామ్ వాళ్లు కొనుక్కుని, పాత రూపంలోనే ఇప్పటికీ తయారు చేస్తున్నారు. ఒకటి అద్దెకు దొరికింది!

అక్కణ్ణుంచి పెన్-ఎ-పాస్ కనుమకు సుమారు పాతిక కిలోమీటర్లు. ముందురోజు అదే దారిలో మామూలు కొత్త కారులో, పాటలు వింటూ హాయిగా వెళ్లాను. మలుపులున్నట్టే తెలియలేదు.

ఈసారి కథ వేరు. బండి బరువు సుమారు 550 కిలోలే. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ బ్రేకుల్లేవు. చెయ్యి చాస్తే రోడ్డు తగులుతుంది. ప్రతి గులకరాయీ స్టీరింగ్‌లో తెలుస్తుంది. అరవైలో పోతుంటే నూరు దాటినట్టుంది!

రోడ్డు మీద ‘అరవ్’ అని రాసుంది. వెల్ష్ భాషలో ‘నెమ్మది’ అని అర్థం. నేను నిజంగానే అరిచాను. మలుపు తిరగ్గానే నడిరోడ్డున గొర్రె!

కొత్త కారు అలవాటు కొద్దీ బ్రేకు బలంగా తొక్కేశాను. ముందు చక్రాలు బిగుసుకుపోయాయి. స్టీరింగ్ తిప్పినా కారు తిరగదే! జారుతూ తిన్నగా గొర్రె మీదికే పోతోంది. ఏం తోచిందో గాని కాలు కాస్త ఎత్తాను. టైర్లు మళ్లీ రోడ్డును పట్టుకున్నాయి. కారు పక్కకి తిరిగి, రాతిగోడకు జానెడు దూరంలో ఆగింది. గొర్రెగారు మాత్రం నమలడం ఆపలేదు.

అలా కాలు ఎత్తే పనిని కొత్త కారులో ఏబీఎస్ సెకనుకు ఎన్నోసార్లు తనే చేసేస్తుంది. నిన్న ఇదే మలుపు ఇంతకంటే వేగంగా తిరిగి, నా డ్రైవింగే గొప్పనుకున్నాను. గొప్పదనమంతా కారుదేనని ఇప్పుడు తెలిసింది!

అమ్మానాన్నల్ని ఎక్కించుకోవాలంటే నా ఓటు కొత్త కారుకే. మన చేతిలో ఉన్న పనితనమెంతో తెలుసుకోవాలంటే మాత్రం ఒక్క పూట సెవెన్ తోలి చూడండి. గొర్రెలతో జాగ్రత్త సుమా!