భద్రాచలం రోడ్ దాకా ఒక బుల్లి రైలు

మోడల్ రైల్వే వీడియోలు చూస్తే ఎడారి మైదానాలే ఎక్కువ. పసుపు ఇసుక, నాలుగు ముళ్ల మొక్కలు, మధ్యలో పట్టాలు. కొత్తగా మొదలెట్టేవాళ్లకి ఇదే తేలిక అంటారు. కానీ ఎండాకాలంలో ఖమ్మం దాటి భద్రాచలం వైపు వెళ్లి చూడండి. ఇసుక లేకపోయినా ఎండిన మైదానం మనకీ ఉంది. అందుకే నా లేఅవుట్‌కి డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం వెళ్లే లైనునే ఎంచుకున్నా.

ముందు కొలతలు. అద్దె ఫ్లాట్‌లో 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు బోర్డుకే చోటుంది. కాబట్టి ఎన్ స్కేల్, అంటే అసలు సైజులో 160వ వంతు. ఒక బొగ్గు వ్యాగన్ పొడవు సుమారు 10.7 మీటర్లు. బోర్డు మీద అది 6.7 సెంటీమీటర్లే. 58 వ్యాగన్ల గూడ్స్‌ని ఉన్నదున్నట్టు కడితే దాదాపు 4 మీటర్లవుతుంది! నాకు ఎనిమిది చాలు.

ఇక నేల. ఏప్రిల్‌లో ఇక్కడ టేకు చెట్లు ఆకులు రాల్చి బూడిదరంగు కర్రల్లా నిలబడతాయి. కింద ఎర్ర చెలక, పట్టాల పక్కన బొగ్గు నలుపు, ఊళ్ల దగ్గర కల్లాల్లో వరుసగా ఆరబెట్టిన తునికాకు కట్టలు. రంగు పొడి కొనక్కర్లేదు. గుప్పెడు మట్టి తెచ్చి, ఆరబెట్టి, టీ వడకట్టే జల్లెడతో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటిస్తే సరి. అంటించేముందు మాత్రం మట్టిలో అయస్కాంతం తిప్పండి. ఇనుప రజను ఉంటే ఇంజన్ మోటార్లోకి పోతుంది.

ఈ పట్టాలు భక్తుల కోసం పడినవి కావు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు దొరికింది, దాని వెనకే రైలొచ్చింది. కొత్తగూడెం స్టేషన్ పేరు ‘భద్రాచలం రోడ్’. పేరు చూసి దిగినవాళ్లు రాముడి గుడికి ఇంకో 40 కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో పోవాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడే. బోర్డు మీద నా ఇష్టం కదా, రైలుని గుడి దాకా తీసుకెళ్లిపోవచ్చు. కానీ అలా చేస్తే అది ఈ ఊరి లైను కాదు. భద్రాచలం రోడ్ దగ్గరే నేను ఆపుతున్నా.

అయితే ఆ చివర గోడ కట్టడం లేదు. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి 173.61 కిలోమీటర్ల కొత్త లైనుకి 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. అది పూర్తయితే భద్రాచలానికే రైలొస్తుంది, కోయ గూడేలవాళ్లకి పట్నం దగ్గరవుతుంది. అడవిలో పట్టాలు వేస్తే కొన్ని చెట్లూ పోతాయి. ఆ రెండూ చూశాకే రెండో బోర్డు చేస్తా. దాన్ని బిగించడానికి ఈ చివర రెండు బోల్టు రంధ్రాలు మాత్రం ఇప్పుడే వేసి పెడుతున్నా.