పాటలో పట్టని తొమ్మిది నెలలు

మోకాలి కింద టవల్ చుట్టి పెట్టుకోవాలి. తొడ కండరం బిగించి పది లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిహేనుసార్లు, రోజుకి నాలుగు విడతలు. పోయినేడాది ఒక ఆదివారం షటిల్ ఆడుతూ, ఎగిరి దిగేటప్పుడు లోపల ‘టప్’మంది. ఏసీఎల్ తెగిందన్నారు. ఆపరేషన్ అయ్యాక నా ప్రపంచం బోరబండలో రెండో అంతస్తు గది, ఒక లాప్‌టాప్, ఒక టవల్. మళ్లీ ఆడటానికి కనీసం తొమ్మిది నెలలన్నారు.

చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట: “గోపీచంద్‌కీ ఇదేగా అయింది! ఆల్ ఇంగ్లండ్ కొట్టలేదూ?”

కొట్టాడు. 1994లో మోకాలి లిగమెంట్ తెగింది. ఒకటికి మించి సర్జరీలయ్యాయి. 1996లో జాతీయ చాంపియనయ్యాడు, 2000 దాకా ఆ టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో సెమీస్‌లో పీటర్ గేడ్‌నీ, ఫైనల్లో 15-12, 15-6తో చెన్ హాంగ్‌నీ ఓడించాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే గెలిచాక ఆ కప్పు మళ్లీ మనకి రావడం అప్పుడే.

ఇదంతా నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మంచం మీద పడ్డాక తెలిసిందేమిటంటే, ఈ కథలో నాకు తెలియని భాగమే ఎక్కువని. ఫైనల్ స్కోరు కంఠతా వచ్చు. ఆ సర్జరీల తర్వాత ఒక మామూలు మంగళవారం ఆయన ఏం చేశాడో తెలీదు.

తప్పు మనం కథ చెప్పుకునే పద్ధతిలో ఉందనుకుంటాను. మా ఇంటి నుంచి కాస్త దూరం వెళ్తే ఫిల్మ్‌నగర్. అక్కడ తయారయ్యే కథల్లో హీరో ఇంటర్వెల్‌కి ముందు పడిపోతాడు, ఇంటర్వెల్ తర్వాత ఒక పాటలో లేస్తాడు. చెమట, పుషప్పులు, సూర్యోదయం. నాలుగు నిమిషాలు. ఆ పాటలో ఎవడూ టవల్ పెట్టుకుని పది లెక్కపెట్టడు. అందుకే మూడో నెలకీ మోకాలు పూర్తిగా వంగకపోతే, నాలోనే ఏదో లోపముందని నమ్మేశాను.

ఆ రోజుల్లోనే, నిద్ర పట్టని ఒక రాత్రి, అక్సెల్ లుండ్ స్విండాల్ అనే నార్వే స్కీయర్ గురించి చదివాను. మంచుని సినిమాల్లో తప్ప చూడనివాణ్ణి. 2007 నవంబరులో అమెరికాలోని బీవర్ క్రీక్ కొండ మీద ప్రాక్టీసులో పడి ముఖం ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. సీజనంతా పోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో అదే కొండ మీద రెండు రేసులు గెలిచాడు. ఇక్కడ ఆపితే ఇదీ పాటే. కానీ ఆగదు. 2014లో మడమ నరం తెగింది. 2016లో మోకాలు. 2018 ఒలింపిక్స్‌లో 35 ఏళ్లకి డౌన్‌హిల్ స్వర్ణం. ఆ మోకాలే మళ్లీ మొరాయిస్తే 2019లో రిటైరయ్యాడు. చివరి రేసులో సెకనులో నూటికి రెండు వంతుల తేడాతో రెండో స్థానం.

అతని కథలో ఇంటర్వెల్ ఒక్కటి కాదు. బాగవడం అంటే ఇక పడకపోవడం కాదని అక్కడ అర్థమైంది.

ఎనిమిదో నెలలో ఫిజియో ఒంటికాలి మీద గెంతమన్నాడు. కండరం సరిపోయేంత బలంగానే ఉందట. నేను గెంతలేకపోయాను. మూడుసార్లు చేతులు ఊపి, మూడుసార్లూ ఆగిపోయాను. “మోకాలు రెడీ సార్, మీరే కాలేదు,” అన్నాడు నవ్వుతూ. కొండ అదే అయినప్పుడు స్విండాల్ పైనుంచి కిందికి చూసి ఏమనుకున్నాడో అని మొదటిసారి ఆలోచించాను. గెలవడం గురించి అయ్యుండదు.

నేను చాంపియన్ని కాను. నేను ఆడకపోయినా ఆదివారం డబుల్స్‌కి నాలుగోవాడు దొరుకుతాడు. మరి ఈ లెక్కపెట్టడమంతా ఎందుకు? చాలా రోజులు జవాబు దొరకలేదు.

నిన్న పొద్దున ఎమ్మెమ్టీఎస్ కోసం స్టేషన్ వైపు దిగుడు రోడ్డు నడిచాను. ఆపరేషన్ తర్వాత ఆ రోడ్డు మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ దిగేవాణ్ణి. ప్లాట్‌ఫామ్ మీదికొచ్చాక గుర్తొచ్చింది, ఈసారి లెక్కపెట్టలేదని. సాయంత్రం ఇంటికొచ్చి, టవల్ చుట్టుకుని, మళ్లీ పది దాకా లెక్కపెట్టాను.