మడచెట్ల చాటున మూడు రోజులు

పత్తిచేలూ, మిరపకళ్ళాలూ తప్ప మరొకటి ఎరగని నరసరావుపేట వైపు వాళ్ళం మేము. మాకు సముద్రమంటే ఎండుచేపల గంప. ఆ గంప నెత్తిన పెట్టుకుని ముప్ఫయ్యేళ్ళుగా ఒకామె నిజాంపట్నం వైపునుంచి మా ఊరికి వస్తోంది. ఎండురొయ్యలు కొలిచి పోసి, డబ్బుకు బదులు మా అమ్మ దగ్గర మిరపకాయలు పట్టుకుపోతుంది. "ఒక్కసారి మా దిబ్బకి రా అక్కా" అని పిలవని ఏడాది లేదు. 2025 మే నెలలో అమ్మ ఎవరితోనూ చెప్పకుండా మూట కట్టేసింది. మిర్చి ధర పడిపోయి మా టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని రేటు కోసం ఎదురుచూడడం కంటే ప్రయాణమే మేలని నేనూ సరేనన్నాను.

గుంటూరులో రైలెక్కితే తెనాలి మీదుగా రేపల్లె, అక్కణ్ణుంచి బస్సు. దారిలో చెప్పుకోదగిందల్లా మా ఆవిడ కట్టిన పులిహోర.

2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్న ఈ నిజాంపట్నమే ఒకప్పుడు పరదేశుల నోట 'పేటపోలి'. 1606లో డచ్చివారూ, 1611లో గ్లోబ్ అనే ఓడమీద ఇంగ్లీషు కంపెనీవారూ ఇక్కడికి వచ్చారు. వాళ్ళని రప్పించింది నూలుబట్టలు, చిరివేరుతో అద్దిన ఎర్రరంగు. ఆ లెక్కన మా వైపు పత్తి మాకంటే ముందే సముద్రం చూసి ఉంటుంది!

మేం వెళ్ళేసరికి మరపడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వాటికి వేట నిషేధం. ఆమె కొడుకు నాటుపడవ తెచ్చాడు. పోటెక్కేదాకా ఆగి, గడవేసి మమ్మల్ని పాయలోకి తీసుకుపోయాడు.

ఆ అడవిని ఎలా చెప్పను? గట్టు కనబడదు. బురదలోంచి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఊపిరాడని బురదలో మడచెట్టు గాలి పీల్చుకునేది ఆ వేళ్ళతోనే. ఉప్పుపొన్న కాయ చెట్టున ఉండగానే మొలకెత్తి, జానెడు సాగి, అప్పుడు జారి బురదలో దిగబడుతుంది. మా చిన్నవాడు ఒక కొమ్మ తుంచబోతే పడవవాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. అది తిల్ల, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పట. ఒకచోట ఒక యానాది మోచేతి దాకా బురదలో చెయ్యి పెట్టి ఎండ్రకాయను లాగాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

దిబ్బమీద పాతిక గడప ఉంటుంది. చుట్టూ ఉప్పునీళ్ళు. మరి తాగడానికి? ఇసుకలో చెలమ! వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది. చిప్పతో తోడితే తియ్యగా ఉంది. "ఇంకొంచెం లోతుగా తవ్వకూడదూ?" అన్నాను, బోరులు దించడానికి అలవాటుపడ్డవాణ్ణి కనుక. "లోతుకు పోతే ఉప్పే బాబూ" అని నవ్విందామె.

ఇప్పుడు పైపైని కూడా ఉప్పు తగులుతోందట. ఊరికి ఎగువన రొయ్యల చెరువులు పడ్డాయి, వాటివల్లనే అంటాడు కొడుకు. వాడి కూతురు అయిదో తరగతి దాటింది; రోజూ పడవలో బడికి పంపలేక, రేపల్లెలో ఇల్లు చూసుకుందామంటాడు. తల్లి కదలనంటుంది. రెండో రాత్రి ఆ మాటమీదే భోజనాలు చల్లారిపోయాయి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని పొట్టనబెట్టుకున్న ఉప్పెన ఈ దిబ్బనూ తాకింది. అప్పుడామెకు ఏడేళ్ళు. మడకొమ్మకు తన కొంగుతో కట్టి తల్లి ఆమెను బతికించింది, తల్లి దక్కలేదు. ఈ సంగతి ముప్ఫయ్యేళ్ళలో మా అమ్మకు కూడా చెప్పలేదట.

మర్నాడు మమ్మల్ని ఒక బీటికి తీసుకెళ్ళింది. ఒకప్పుడు అక్కడ పోటునీరు ఆడక, ఉన్న నీరు ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకుని చెట్టు చచ్చింది. అటవీశాఖ వారు చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు: నడుమ పెద్దకాలవ, అటూఇటూ ఏటవాలుగా పిల్లకాలవలు. పోటునీరు లోపలికెళ్ళి ఉప్పును కడిగేస్తుంది, గట్లమీద నాటిన మడ నిలుస్తుంది. కృష్ణా ముఖద్వారం పొడుగునా ఈ పద్ధతి సాగింది. స్వామినాథన్ ఫౌండేషన్ వారూ ఇందులో పనిచేశారు. ఆమె పెనిమిటి ఆ కూలిపనిలోనే పలుగు పట్టాడు. ఆయన లేడు. ఆయన కాలవగట్టున చెట్లు ఇప్పుడు నాకంటే రెండు నిలువులు ఎత్తు.

"2023లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, ఇవే గాలికి అడ్డం నిలబడ్డాయక్కా. వీటినొదిలి ఏ ఊరు పోను?" అంది. అమ్మ జవాబివ్వలేదు. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

బడులు తెరిచేసరికి కొడుకూ కోడలూ పిల్లతో రేపల్లె చేరారు. ఆమె దిబ్బమీదే ఉంది. వారానికోసారి కొడుకు పడవలో నాలుగు బిందెల మంచినీళ్ళు దింపి వస్తున్నాడు. అందులో ఒక బిందె ఆమె పక్కింటి ముసలాయనకు ఇస్తోందని వాడి ఫిర్యాదు.