తడిగుడ్డ నేర్పిన పాఠము

ఉష్ణము ఎల్లప్పుడు వేడి వస్తువు నుండి చల్లని వస్తువునకు ప్రవహించునని మేము అన్నదమ్ములమిద్దరము ఇంటర్మీడియేట్‌లో చదువుకొన్నాము. వహనము, సంవహనము, వికిరణము అను మూడు మార్గములను గూర్చి పరీక్షలో వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొన్నాము. కాని ఆ మాటల అర్థము 2003వ సంవత్సరము మే నెలలో, విజయవాడలో మొగల్రాజపురం కొండవాలున నున్న మా ఇంటిలోనే మాకు తెలిసినది.

ఆ వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాలులకు వేయిమందికి పైగా మరణించారు. మా పేటలో ఇండ్లు రాతికొండను ఆనుకొని ఉండును. పగలంతా ఎండను త్రాగిన రాయి రాత్రి తెల్లవార్లు ఆ వేడిని మా మీదికే వదలును. పైన రేకుల కప్పు. దాని నుండి వికిరణము నడినెత్తికి దిగుచుండును.

ఒకనాటి మధ్యాహ్నము మా దాదీ వంటయింటిలో పడిపోయినది. ఒళ్ళు కాలిపోవుచున్నది, మాట తడబడుచున్నది, చెమట లేదు. మేము పరుగున పోయి పంకా వేసి, చేయవలసినది చేసితిమనుకొన్నాము. అమ్మ మమ్ము ప్రక్కకు జరిపి, కుండలోని నీళ్ళతో పాతచీర తడిపి దాదీకి కప్పినది. “ముందు తడపండి బేటా! వట్టి పంకా వేస్తే వచ్చేది నిప్పులగాలే,” అన్నది. గుడ్డ ఆరినప్పుడెల్ల తడుపుచునే రిక్షాలో ఆసుపత్రికి చేర్చాము. దాదీ బ్రతికినది.

మన శరీరోష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. గాలి 45 డిగ్రీలున్నప్పుడు ఉష్ణము మననుండి గాలికి పోదు. గాలినుండి మనలోనికే వచ్చును. పొడి ఒంటిపై పంకా ఆ రాకను వేగిరపరచును. అప్పుడు మిగిలిన దారి బాష్పీభవన మొక్కటే. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కెలోరీ చాలును. అదే గ్రాము చర్మముపై ఆవిరియగునప్పుడు సుమారు 580 కెలోరీలను తీసికొనిపోవును. సురాహిలోని నీటిని చల్లబరచునది, వట్టివేళ్ళ తడికనుండి వచ్చు గాలిని చల్లబరచునది ఈ గుప్తోష్ణమే. బందరు వైపు ఎండ కొంత తక్కువైనను ఉక్కపోత భరింపరానిదగుటకు కారణము, సముద్రపు తేమగాలిలో చెమట ఆరకపోవుటయే.

ఈ అంకెలేవియు అమ్మకు తెలియవు. అంకెలు తెలిసిన మాకు ఆనాడు చేయి ఆడలేదు. సోదర విద్యార్థులారా! మన పాఠ్యపుస్తకములోని ప్రతి సూత్రమును ఒక్కసారి ఇంటికి తీసికొనిపోయి, కుండ ప్రక్కన, రేకుల క్రింద నిలిపి చూడుడు. పరీక్షకు ముందే అది అక్కరకు రావచ్చును.