నాచుతో ఏం ఒరుగుతుంది?

క్లామిడోమోనాస్ అనగానే ఇంటర్లో బైపీసీ వాళ్ళకి రికార్డు బుక్కులో గీసిన బొమ్మ గుర్తొస్తుంది. మన ఎంపీసీ బ్యాచ్‌కి అదీ లేదు. మంచినీటి కుంటల్లో, తడి నేలల్లో బతికే ఏకకణ నాచు అది. సైజు మిల్లీమీటర్లో వందోవంతు. లోపల కప్పులాంటి ఒకే ఒక్క హరితరేణువు, వెలుగెటుందో పసిగట్టడానికి ఓ కంటిచుక్క, ఈదడానికి ముందువైపు కొరడాల్లాంటి రెండు కశాభాలు.

నాకు తెగ నచ్చింది ఈ కశాభాల సంగతే. రెండూ తెంపేస్తే గంటా రెండు గంటల్లో మళ్ళీ మొలుస్తాయి. ఒక్కటే తెంపితే? అది పెరుగుతుంటే, బాగున్న రెండోది తగ్గుతూ వస్తుంది. రెండూ సమానమయ్యాక కలిసి మామూలు పొడవుకి పెరుగుతాయి. 1969లోనే రాసిపెట్టారు దీన్ని. మేనేజరు లేడు, టికెట్టు లేదు, లోడ్ బ్యాలెన్సింగ్ మాత్రం జరిగిపోతోంది :)

కశాభం పెరిగేది కొస దగ్గర. ప్రొటీన్లు తయారయ్యేదేమో కణం లోపల. మరి సరుకు ఎలా చేరుతుంది? 1993లో యేల్ యూనివర్సిటీలో జోయెల్ రోజెన్‌బామ్ ల్యాబ్ వాళ్ళు మైక్రోస్కోపులో చూస్తే, కశాభం పొర కింద చిన్న చిన్న రేణువులు ఆగకుండా కొసకీ వెనక్కీ తిరుగుతున్నాయి. గూడ్సు బళ్ళన్నమాట.

ఇక్కడ మా పిన్ని కూతురి గొడవ చెప్పాలి. ఎమ్మెస్సీ బోటనీ అయ్యి, ఇలాంటి నాచు మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. "దాంతో ఏం ఒరుగుతుంది? నువ్వైనా చెప్పి అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సులో చేర్పించు నాయనా" అని పిన్ని వారానికోసారి ఫోను. "నువ్వు చెప్తే అమ్మ వింటుంది అన్నయ్యా" అని ఈ పిల్ల ఇంకోపక్క.

ఏం ఒరిగిందో మీరే చూడండి. ఆ గూడ్సు బండిలో ఐఎఫ్‌టీ88 అనే ప్రొటీన్ లేకపోతే నాచుకి కశాభాలే మొలవవు. అదే జన్యువు ఎలుకల్లో చెడితే మూత్రపిండాల నిండా నీటితిత్తులు పుట్టి పిల్లలు చచ్చిపోతాయి. ఈ రెండూ ఒకే జన్యువని 2000లో తేలింది. ఆ ఎలుకల మూత్రపిండ కణాలు చూస్తే, వాటి మీదుండే శైలికలు పొట్టిగా ఉన్నాయి. మన కిడ్నీ కణాలకీ అలాంటి శైలికలున్నాయి. అప్పటిదాకా చాలామంది వాటిని పనికిరాని మిగులు కిందే లెక్కేసేవాళ్ళు! ఇప్పుడు కిడ్నీ తిత్తుల జబ్బుని శైలికల జబ్బుల్లో చేర్చారు. జబ్బు నయమైపోయిందని కాదు, ఎక్కడ వెతకాలో తెలిసింది. నాచు కశాభాలు తెంపి చూడటం మొదలెట్టింది మాత్రం కిడ్నీ కోసం కాదు.

ఇదంతా మొన్న ఆదివారం పిన్నికి చెప్పాను. ఓపిగ్గా విని, "అదంతా సరే, నెలకెంతిస్తారు?" అంది. ఫెలోషిప్పు అంకె చెప్పాను. కాసేపాగి, "హాస్టలు వాళ్ళే ఇస్తారా?" అంది.